నెల్లూరు నుంచి ఫ్రీడైవింగ్‌కి: వెట్‌సూటు మందం వెనక ఉన్న గాలి లెక్క

ఫ్రీడైవింగ్ నేర్చుకుందామని నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి బయల్దేరేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: ఎన్ని ఎంఎం మందం ఉన్న వెట్‌సూటు కొనాలి? ఆన్‌లైన్ అంగడి మూడు అంటుంది. యూట్యూబ్‌లో మధ్యధరా సముద్రంలో దిగే డైవరు ఐదు అంటాడు. మైపాడులోనో కొత్తపట్నంలోనో వేటకు పోయే పెద్దాయన్ని అడిగితే "ఈ నీళ్లకు కోటెందుకబ్బయా?" అంటాడు. ఎవరి నీళ్ల సంగతి వాళ్లు సరిగ్గానే చెబుతున్నారు. కానీ మందం ముందే తేల్చుకునే అంకె కాదు. ఎక్కడ దిగుతున్నారు, పైన ఎంతసేపు కదలకుండా తేలుతూ ఉంటారు, ఎంత లోతు పోతారు, సూటు ఒంటికి అతుక్కుందా లేదా అన్నవి తేలితే ఆ అంకె దానంతటదే తేలుతుంది.

సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరి మీద దిగి రావడం కాబట్టి ఇక్కడ సూటు చేసే పని కూడా వేరు. సిలిండర్ కట్టుకుని దిగే స్కూబా డైవరు కింద ముప్పావు గంట ఉంటాడు. ఫ్రీడైవరు కింద ఉండేది రెండు నిమిషాలైతే, పైన తేలుతూ ఊపిరి సర్దుకునేది అంతకు రెట్టింపు. చలి పట్టేది ఎక్కువగా ఆ పైన తేలే సమయంలోనే.

రబ్బరులో దాగిన గాలి

సూటు చేసేది నియోప్రీన్‌తో. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన కృత్రిమ రబ్బరు ఇది. దాన్ని నురుగుగా పొంగించి ఒంటికి తొడుక్కోవచ్చన్న ఆలోచన 1952లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్‌ది. ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదని ఆయన గుర్తించాడు. సూటు లోపలికి వచ్చిన నీరు పలచటి పొరగా కదలకుండా ఉంటే చాలు, వేడి బయటికి పోకుండా ఆపే పని రబ్బరులోని బుడగలు చూసుకుంటాయి. గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ నీటికీ మన ఒంటికీ మధ్య గాలి బుడగల గోడ కట్టుకోవడమే వెట్‌సూటు.

ఇడ్లీని చాకుతో కోసి చూడండి. పైభాగం నున్నగా ఉంటుంది, కోసిన ముఖం నిండా చిల్లులు కనిపిస్తాయి. నియోప్రీన్ దిమ్మను రేకులుగా కోసినప్పుడు జరిగేది అదే. నున్నటి ముఖాన్ని స్మూత్‌స్కిన్ అంటారు, కోసిన ముఖాన్ని ఓపెన్ సెల్ అంటారు. లోపలి బుడగలన్నీ మూసుకునే ఉంటాయి, అందుకే రబ్బరు నీరు పీల్చదు. తెగిన బుడగలు మాత్రం చిన్న చిన్న గిన్నెల్లా చర్మాన్ని పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే ఓపెన్ సెల్ సూటులో నీరు అటూ ఇటూ పారదు. 3 ఎంఎం ఓపెన్ సెల్ సూటు, రెండు వైపులా నైలాన్ గుడ్డ అతికించిన 3 ఎంఎం సూటు కంటే స్పష్టంగా వెచ్చగా ఉండటానికి కారణం ఇదే. పెట్టె మీద మందం ఒకటే రాసి ఉంటుంది, ఒంటి మీద మాత్రం రెండూ ఒకటి కావు.

మన నీళ్లు, పోయే చోటి నీళ్లు

నెల్లూరు, ప్రకాశం తీరంలో పైపై నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో కాస్త తగ్గుతుంది. పెన్నా తెచ్చే ఒండ్రు, అలలు లేపే ఇసుక కలిసి ఒడ్డుకు దగ్గర నీటిని మడ్డి చేస్తాయి కాబట్టి లోతు సాధన ఇక్కడ కుదరదు. ఇక్కడ దిగేది ఈత కొలనులోనే. లోతు కోసం పుదుచ్చేరి, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, లక్షద్వీప్, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి వైపు పోవాలి. ఇవన్నీ కూడా దాదాపు ఇదే వేడి ఉన్న నీళ్లు. ఈజిప్టులోని దహబ్ లాంటి చోటికి చలికాలంలో పోతే మాత్రం 22 డిగ్రీల నీళ్లు ఎదురవుతాయి, అప్పుడు లెక్క మారుతుంది.

28 డిగ్రీల నీళ్లలో చలేమిటి అనిపిస్తుంది. వేటకు పోయే పెద్దాయన మాటా అదే. ఆయన నీళ్లలో ఉన్నంతసేపు వల లాగుతూ, ఈదుతూ ఉంటాడు. ఫ్రీడైవరు నీటి మీద తేలే బోయా పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ఒళ్లంతా వదులు చేసి పడుకుంటాడు. చర్మం వేడి 33 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నీరు అంతకంటే ఐదు డిగ్రీలు తక్కువైనా గంటసేపు వేడిని లాగుతూనే ఉంటుంది. ముందు వేళ్లు బిగుసుకుంటాయి, ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత వచ్చే వణుకే అసలు నష్టం. వణుకంటే కండరాలు ఆడటం, కండరాలు ఆడితే ఆక్సిజన్ ఖర్చు. బిగబట్టిన ఊపిరి నిన్నటి కంటే తక్కువసేపు నిలుస్తోందంటే ఊపిరితిత్తులను అనుమానించే ముందు చలి పట్టిందేమో చూసుకోవాలి. వణుకు మొదలయ్యాక ఆ పూటకు దిగడం ఆపేయాలి, "ఇంకొక్కటి" అనకూడదు.

మన నీళ్లలో అరగంట సరదాకైతే రాష్‌గార్డు అనే పలచటి లైక్రా చొక్కా చాలు. ఎండకూ జెల్లీఫిష్ తీగలకూ అడ్డం పడుతుంది, వెచ్చదనం మాత్రం ఏమీ ఇవ్వదు. గంట దాటే శిక్షణకు, 27 నుంచి 30 డిగ్రీల నీళ్లకు 1.5 లేదా 2 ఎంఎం సరిపోతుంది. సన్నగా ఉండి తొందరగా చలి పట్టేవాళ్లకూ, రోజుకు రెండు పూటలా దిగేవాళ్లకూ 3 ఎంఎం. 24 డిగ్రీల కిందికి పోతే 3 నుంచి 5, 20 కిందికి పోతే 5 లేదా అంతకు మించి. ఒక్క సూటే కొనగలిగితే మన వైపు వాళ్లకు 3 ఎంఎం ఓపెన్ సెల్, తలను కప్పే హుడ్ ఉన్న రెండు ముక్కల (ప్యాంటు, జాకెట్) సూటు తీసుకోమంటాం. దహబ్ ఆశతో 5 కొనిపెట్టుకోవద్దు. అలాంటి చోట్ల సూట్లు అద్దెకు దొరుకుతాయి.

ఐదు ఎందుకు వద్దంటే మొదటి కారణం మన ఎండ. మే నెలలో 40 దాటిన ఎండలో నల్లటి సూటు మొత్తం తొడుక్కుని ఇసుక మీద పావుగంట నిలబడితే చెమట ఆరే దారి ఉండదు, ఒళ్లు లోపలే ఉడుకుతుంది. తలనొప్పి, గుండె దడ, వడదెబ్బ దాకా పోవచ్చు. నీళ్లలో దిగే ముందే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పైగా నీళ్లలో మునిగితే రక్తం కాళ్లూ చేతుల నుంచి గుండె వైపు చేరుతుంది, మూత్రపిండాలు దాన్ని ఎక్కువ నీరుగా భావించి బయటికి పంపుతాయి. డైవింగులో మాటిమాటికీ మూత్రం వచ్చేది అందుకే. రెండూ కలిస్తే కాలి పిక్కలు పట్టేయొచ్చు. అందుకని ఒడ్డున ప్యాంటు మాత్రమే వేసుకోవాలి, జాకెట్ నీళ్ల అంచుకు పోయాకే. పొద్దున్నే లీటరు నీళ్లు, దాంట్లో ఓఆర్ఎస్ పొట్లం కలుపుకుంటే ఇంకా మంచిది.

లోతులో సూటు పలచబడుతుంది

ఐదు వద్దనడానికి రెండో కారణం బరువు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

పది మీటర్ల లోతుకు పీడనం రెట్టింపు అవుతుంది, గాలి సగానికి కుంచించుకుంటుంది. ముప్పై మీటర్ల దగ్గర నాలుగో వంతు. ఈ సూత్రం ఊపిరితిత్తులకే కాదు, సూటులోని బుడగలకూ వర్తిస్తుంది. నియోప్రీన్‌లో రబ్బరు ఐదో వంతు, మిగతాదంతా గాలి అనుకుందాం. అప్పుడు 3 ఎంఎం సూటు పది మీటర్ల దగ్గర 1.8 ఎంఎం అవుతుంది, ముప్పై దగ్గర 1.2. ఇది కాగితం మీది లెక్క. రబ్బరు కొంచెం ఎదురు తిరుగుతుంది కాబట్టి నిజంలో ఇంతకంటే కాస్త మందంగానే ఉంటుంది. ఏదేమైనా కిందికి పోయేకొద్దీ వెచ్చదనమూ తగ్గుతుంది, తేలే గుణమూ తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో చూద్దాం. ముఖం, చేతులు, పాదాలు తీసేస్తే పెద్ద మనిషి ఒంటిని కప్పడానికి 1.6 చదరపు మీటర్ల రబ్బరు పడుతుంది. 3 ఎంఎం మందంతో గుణిస్తే 4.8 లీటర్లు. సూటు సొంత బరువు కిలో అనుకుంటే, అది మనిషిని పైకి లేపే బలం సుమారు 3.8 కిలోలు. దానిలో గాలి 3.8 లీటర్లు కాబట్టి పది మీటర్ల దగ్గర దాదాపు 1.9 కిలోల లేపుడు పోతుంది. ఊపిరితిత్తుల్లో ఆరు లీటర్ల గాలి ఉంటే అది మూడవుతుంది, ఇంకో మూడు కిలోలు పోయినట్టు. అంటే మొదటి పది మీటర్లలోనే మనిషి దాదాపు ఐదు కిలోలు "బరువెక్కుతాడు".

ఇదే లెక్క 5 ఎంఎంతో వేస్తే సూటు లేపుడు 6 కిలోలు దాటుతుంది. దాన్ని ముంచడానికి నడుముకు అంత సీసం కట్టాలి. సూటు లోతులో కుంచించుకుంటుంది, సీసం కుంచించుకోదు. పైన సరిగ్గా సరిపోయిన ఆ సీసమే ఇరవై మీటర్ల కింద రాయిలా లాగుతుంది, పైకి వచ్చేటప్పుడు దాన్ని కాళ్లతో మోయాలి, అదీ ఆక్సిజన్ అడుగంటిన సమయంలో. అవసరం లేని మందం కొనుక్కుంటే అవసరం లేని సీసం కూడా కొనుక్కున్నట్టే.

బరువు సరిచూసుకునే పద్ధతి ఇది. శిక్షకుడు, జంట డైవరు పక్కన లేకుండా చేయకూడదు. సూటు, మాస్కు వేసుకుని, నీళ్లలో నిలువుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదలాలి. బలవంతంగా ఖాళీ చేయకూడదు. అప్పుడు కూడా నుదురు, కళ్లు నీటి పైనే ఉండాలి. మునిగిపోతుంటే సీసం ఎక్కువైనట్టు. తర్వాత నిండుగా ఊపిరి తీసుకుని తాడు పట్టుకుని పది మీటర్లకు దిగి, చేయి వదులు చేసి ఆగాలి. కదలకుండా ఉంటే సరి. పైకి తేలుతుంటే అర కిలో చేర్చండి, మునుగుతుంటే అర కిలో తీయండి. ఒకేసారి కిలో మార్చొద్దు. 3 ఎంఎం సూటుతో చాలామందికి రెండు నుంచి నాలుగు కిలోల మధ్య ఎక్కడో కుదురుతుంది, కొవ్వు ఎక్కువున్న ఒంటికి ఇంకొంచెం.

ప్రకాశం మెట్ట ఊళ్లలో వీపుకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. మంచినీళ్లు సముద్రపు నీటి కంటే రెండున్నర శాతం తేలిక. మనిషీ సూటూ కలిపి 75 లీటర్లనుకుంటే బావిలో దాదాపు రెండు కిలోల లేపుడు తగ్గుతుంది. సముద్రానికి కట్టిన సీసం బెల్టుతోనే బావిలోనో కొలనులోనో దిగితే ఆ రెండు కిలోలు మిమ్మల్ని నేరుగా అడుక్కి తీసుకెళతాయి. బంగాళాఖాతానికీ అరేబియాకూ ఉప్పులో ఉన్న తేడా మాత్రం పట్టించుకునేంతది కాదు, మనిషి మీద వంద, రెండొందల గ్రాముల లోపే.

బెల్టు రబ్బరుదే కావాలి. నైలాన్ పట్టీని ఒడ్డున ఎంత బిగించినా, లోతులో సూటు పలచబడి పొట్ట లోపలికి పోయాక వదులై ఛాతీ మీదికి జారుతుంది. రబ్బరు దానంతటదే బిగుసుకుంటుంది. దాన్ని నడుము మీద కాకుండా తుంటి ఎముకల మీద కట్టాలి, పొట్టతో ఊపిరి తీసుకోవడానికి అడ్డు రాకుండా. బకిలు ఒక్క చేత్తో ఒక్క లాగుకు ఊడిపోయేదై ఉండాలి.

కొలతలు: డబ్బు వృథా అయ్యేది ఇక్కడే

సూటు ఎంత ఖరీదైనదైనా నడుము వెనక ఒక మడత ఉందంటే దాని పని అయిపోయినట్టే. తల కిందులుగా డక్ డైవ్ వేసిన ప్రతిసారీ ఆ మడతలోంచి చల్లటి నీరు బుస్సున పారుతుంది, అంతదాకా వెచ్చబడిన నీటిని తోసేస్తుంది. వదులుగా ఉన్న 5 ఎంఎం కంటే అతుక్కున్న 2 ఎంఎం వెచ్చగా ఉంటుంది.

ఎస్, ఎం, ఎల్ అక్షరాలను నమ్మొద్దు. ఆసియా సైజు పట్టికలో ఎల్ అన్నది యూరప్ పట్టికలో ఎం కావచ్చు. కొలతలు సొంతంగా తీసుకోవద్దు, చేతులెత్తితే ఛాతీ కొలత మారిపోతుంది. బట్టలు కుట్టే దర్జీ దగ్గరికి పోతే పది నిమిషాల పని. లోదుస్తుల మీద, టేపు చర్మానికి ఆని ఉండాలి కానీ బిగించకూడదు. ఎత్తు, బరువు, ఛాతీ, నడుము, తుంటి, తొడ మొదలు, పిక్క, చీలమండ, దండ, మణికట్టు, మెడ, తల చుట్టుకొలత, భుజం నుంచి మణికట్టు పొడవు అన్నీ సెంటీమీటర్లలో రాయించండి. దర్జీకి అలవాటు లేని కొలత ఒకటుంది: భుజం మీద నుంచి కాళ్ల మధ్యగా వెనకకు తిప్పి మళ్లీ అదే భుజానికి వచ్చే చుట్టు. జాకెట్ పొడవు తేలేది దీనితోనే. ఇది చిన్నదైతే సూటు భుజాలను కిందికి గుంజుతుంది, మెడ ముందుకు వంగిపోతుంది. పెద్దదైతే నడుము వెనక మడత.

రెండు సైజుల మధ్య పడితే ఛాతీ, నడుము కొలతలను బట్టి ఎంచుకోండి. చేయి పొడవు ఒక అంగుళం ఎక్కువైతే మడుచుకోవచ్చు. ఆడవాళ్లు మగవాళ్ల సూటు తీసుకుంటే ఛాతీ దగ్గర బిగిసి, వెన్ను కింద ఖాళీ వస్తుంది, ఆడవాళ్ల కోత ఉన్నదే తీసుకోవాలి. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లకూ, పొట్ట ఉన్నవాళ్లకూ కొలిచి కుట్టించిన సూటే చివరికి చవక. రెడీమేడ్ తెప్పించి, కుదరక తిప్పి పంపి, మళ్లీ తెప్పించి చూస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

తొడుక్కున్నాక చూడాల్సిన చోట్లు నాలుగు: చంకలు, వెన్ను కింది వంపు, మోకాలి వెనక, గడ్డం కింద. చంకలో గుప్పెడు రబ్బరు చేతికి వస్తే పెద్దది. తర్వాత వెల్లకిలా పడుకుని పొట్టతో నిండుగా ఊపిరి తీసుకోండి. చివరి భాగం దగ్గర పక్కటెముకలు ఆగిపోతున్నట్టుంటే చిన్నది. పొడిగా ఉన్నప్పుడు కొంచెం బిగుతుగా అనిపించడం సహజం, నీళ్లలో రబ్బరు సర్దుకుంటుంది. కానీ గొంతు నొక్కినట్టుంటే మాత్రం నీళ్లు దాన్ని నయం చేయవు.

సర్ఫింగ్ సూటు, స్కూబా సూటు ఇంట్లో ఉంటే పనికొస్తుందా? కొలనులో మొదటి పాఠాలకు పనికొస్తుంది. వెనక జిప్పు ఉన్న స్కూబా సూటు వెన్ను మీద గట్టిగా ఉండి ఊపిరికి అడ్డం వస్తుంది, జిప్పులోంచి నీరూ పారుతుంది. ట్రయథ్లాన్ సూటు మాత్రం వద్దే వద్దు. ఈతగాడి కాళ్లు పైకి తేలేలా తొడల దగ్గర మందం పెట్టి చేసినది అది, దిగడానికి చేసిన సూటు కాదు.

లోపల ఏది, బయట ఏది

లోపల ఓపెన్ సెల్ అంటే వెచ్చదనం, మెత్తదనం. కానీ తడి లేకుండా ఎక్కదు, గోరు తగిలితే చిరుగుతుంది. బయట స్మూత్‌స్కిన్ అంటే నీళ్లలో జారుడు, గాలికి నీరు ఆరి చలి వేయడం కూడా తక్కువ. కానీ దాన్ని గీతలు పడకుండా కాపాడుకోవడం మన తీరంలో గగనం. ఫైబర్ బోటు అంచు పట్టుకుని పైకి ఎక్కడమంటే పొట్ట, తొడలు ఆ అంచు మీద రాసుకుంటూ రావడమే. ఆ అంచులో లేచిన ఫైబర్ పోగులు, వల కొక్కేలు, అడుగున పట్టిన గుల్లలు ఒక్క సీజనులో స్మూత్‌స్కిన్‌ను గీతల పుస్తకం చేస్తాయి. కాబట్టి బోటు మీద నుంచి దిగేవాళ్లు లోపల ఓపెన్ సెల్, బయట నైలాన్ ఉన్నది తీసుకోవాలి. కొలనులోనే దిగేవాళ్లకు, కేవలం సాధన కోసమే ఉంచుకునేవాళ్లకు స్మూత్‌స్కిన్ నిశ్చింత. రెండు వైపులా నైలాన్ ఉన్నది పొడిగా కూడా తొడుక్కోవచ్చు, మొదటిసారి కొనేవాళ్లకు తలనొప్పి తక్కువ, వెచ్చదనమూ తక్కువే.

యమమోటో 39, 45 అని పట్టీల మీద కనిపించేవి జపాన్ రబ్బరు రకాలు. పేరు పక్కన అంకె మందం కాదు. అవి మెత్తగా, బాగా సాగే రకాలు. సాగే సూటు ఒంటికి చక్కగా అతుక్కుంటుంది, కాకపోతే మెత్తటి రబ్బరు లోతులో ఎక్కువ కుంచించుకుంటుంది, గోరుకు తొందరగా లొంగుతుంది. లోపలి ముఖం మీద వెండి రంగు, బంగారు రంగు పూత ఉన్నవి ఒంటి మీద తేలిగ్గా జారతాయి. ఒంటి వేడిని తిప్పి పంపుతుందన్న ప్రచారం మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి.

కుట్లు చూడటానికి సూటును వెలుతురుకు ఎత్తి, కుట్టును రెండు చేతులతో లాగండి. వెలుతురు చుక్కలు కనిపిస్తే నీరు కూడా అదే దారిలో వస్తుంది. అతికించి, సూది రబ్బరును దాటకుండా సగం లోతుకే కుట్టినవి మంచివి.

హుడ్ గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తల నుంచి పోయే వేడిని ఆపడానికి హుడ్ అవసరమే, కానీ అది చెవి మీద బిగుతుగా అతుక్కుంటే చెవి రంధ్రంలో గాలి చిక్కుకుంటుంది. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని ఊది లోపలి నుంచి చెవుల ఒత్తిడిని ఎంత సరిచేసుకున్నా (ఈక్వలైజ్) బయట చిక్కిన ఆ గాలి కుంచించుకుని చెవి పొరను బయటికి లాగుతుంది. నొప్పి వస్తే చాలామంది ఇంకా గట్టిగా ఊదుతారు, దానితో మొదటికే మోసం. పరిష్కారం తేలిక: దిగే ముందు హుడ్ అంచును చెంప దగ్గర లాగి నీరు చెవిలోకి పోనివ్వాలి. కొందరు చెవి దగ్గర సూదితో సన్నటి చిల్లు పెడతారు.

తొడుక్కోవడం, విప్పడం

లీటరు సీసాలో గోరువెచ్చటి నీళ్లు, రెండు మూడు చెంచాల హెయిర్ కండిషనర్ వేసి గిలకొట్టండి. గోళ్లు ముందే కత్తిరించుకోవాలి, ఉంగరాలు, వాచీ తీసేయాలి. సగం నీళ్లు ప్యాంటులో పోసి, రెండు కాళ్లలోకి పారేలా ఆడించి, చీలమండల నుంచి కొద్దికొద్దిగా పైకి తెచ్చుకోవాలి. పట్టుకునేది వేలి కొసలతో కాదు, అరచేతి మెత్తతో. జాకెట్‌లో మిగతా నీళ్లు పోసి చేతుల్లోకి, హుడ్‌లోకి పారనివ్వండి. ముందు రెండు చేతులూ మోచేతి దాకా, ఆ తర్వాత తల, చివర ఒంటి భాగం. కాళ్ల మధ్యగా వచ్చే తోక పట్టీ బిగించడంతో అయిపోయింది.

కండిషనర్ లేదని కుంకుడు రసం పోయకండి. జారుడుకు లోటుండదు, హుడ్‌లోంచి కళ్లలోకి దిగినప్పుడు తెలుస్తుంది. కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ కూడా వద్దు. నూనె రబ్బరుకూ జిగురుకూ మంచిది కాదు, ఇసుక పట్టి వదలదు.

విప్పేటప్పుడే కొత్తవాళ్లు కంగారు పడతారు. జాకెట్ తల దగ్గర ఇరుక్కుని కళ్ల ముందు చీకటవుతుంది. తోక పట్టీ విప్పి, మెడలోంచి నీళ్లు పోయించుకుని, మోచేతులు రెండూ లోపలికి తెచ్చుకున్నాకే తల మీదుగా లాగాలి. మొదటి కొన్నిసార్లు పక్కన మనిషి ఉండాలి.

మెడ చుట్టూ, చంకల్లో ఎర్రటి దద్దుర్లు రోజుల తరబడి ఉంటే చెమటకాయలని సరిపెట్టుకోవద్దు. రబ్బరులో వాడే కొన్ని రసాయనాలు కొందరికి పడవు, చర్మ వైద్యుడికి చూపించాలి.

ఉప్పు బోర్లు, ఎండ, జిగురు

తీరం ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. ఇసుక పోయేదాకా ఆ నీళ్లు వాడినా, చివరి మునక మంచినీళ్ల బకెట్లో కావాలి. సూటు తిరగేసి లోపలి ముఖం ముందు కడగాలి, మూత్రం వాసన పట్టేది అక్కడే. బట్టల సబ్బు, వాషింగ్ మెషీన్, వేడినీళ్లు ఏవీ వద్దు. కొలనులో దిగి వచ్చిన రోజు తప్పకుండా కడగాలి, క్లోరిన్ నియోప్రీన్‌ను గట్టిపరుస్తుంది. మిద్దె మీద తీగకు ఆరేయొద్దు. ఎండకు రబ్బరు పగులుతుంది, సన్నటి తీగ మీద భుజాలు శాశ్వతంగా వంగిపోతాయి. నీడలో, గాలి ఆడే చోట, లావాటి హ్యాంగరు మీద వేయాలి. కారు డిక్కీలో మరిచిపోతే మే నెలలో అతుకుల జిగురు మెత్తబడుతుంది. స్మూత్‌స్కిన్ ముఖాలు ఒకదానికొకటి ఆని ఉంటే అంటుకుపోతాయి, మధ్యలో పాత నూలు గుడ్డ పరవండి. నవంబరు ముసురు రోజుల్లో పూర్తిగా ఆరకుండా సంచిలో పెడితే బూజు ఖాయం.

చిరిగితే ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ తీయకండి. ఆ రకం జిగురు గట్టిపడి గాజులా అవుతుంది, సాగగానే దాని పక్కనే కొత్త చిరుగు మొదలవుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. కావాల్సింది నియోప్రీన్ సిమెంటు అనే సాగే జిగురు. చిరుగును పూర్తిగా ఆరనిచ్చి, రెండు అంచులకూ సన్నగా రాసి, చేతికి అంటుకోనంత ఆరేదాకా, ఐదు పది నిమిషాలు ఆగాలి. రెండో పూత రాసి మళ్లీ అంతే ఆగాలి. అప్పుడు అంచులను ఎదురెదురుగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, చిరుగు మూల నుంచి మొదలుపెట్టి గిల్లినట్టు నొక్కుతూ పోవాలి. ఒకసారి అంటుకున్నాక సరిదిద్దడం కుదరదు. ఒక రోజంతా వదిలేశాకే నీళ్లలోకి.

పాత సూటు చవకగా వస్తోందంటే బొటనవేలితో తొడ దగ్గర, వెన్ను దగ్గర గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పొంగి వస్తే బుడగలు బతికున్నట్టు. గుంట అలాగే నిలిచిందంటే, లేదా మడిస్తే సన్నటి పగుళ్లు కనిపించాయంటే, పట్టీ మీద 3 ఎంఎం అని ఉన్నా చేతిలో ఉన్నది అంత కాదు. మందాన్ని స్కేలుతో కాకుండా వెర్నియర్ కాలిపర్‌తో, నొక్కకుండా, మూడు చోట్ల కొలిచాకే బేరం మొదలుపెట్టండి.